అసెంబ్లీ ఫంక్షన్లకు హద్దులు: లైనక్స్ కర్నల్‌లో గుర్తుల సంగతి

లైనక్స్ కర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) దెబ్బతిన్నప్పుడు తెర మీద పడే ఊప్స్ సందేశాన్ని చూసినవారికి, 64-బిట్ ఎక్స్86 యంత్రాల మీద దాని అడుగున తరచుగా కనబడే ఒక వరుస పరిచయమే. ‘ఎంట్రీ సిస్‌కాల్ 64 ఆఫ్టర్ హెచ్‌డబ్ల్యూఫ్రేమ్’ అన్న పొడవాటి పేరు, దాని పక్కన కూడిక గుర్తు, ఒక హెక్సాడెసిమల్ సంఖ్య, ఏటవాలు గీత, మరొక సంఖ్య. మొదటి సంఖ్య ఆ పేరు మొదలైన చోటు నుంచి ఎన్ని బైట్ల దూరంలో ఉన్నామో చెబుతుంది, రెండోది ఆ పేరు కింద మొత్తం ఎన్ని బైట్ల కోడ్ ఉందో చెబుతుంది. దాని పైన ఉండే పేర్లు చాలావరకు సీ భాషలో రాసిన ఫంక్షన్లవి. వాటి మొదలు, చివర, స్టాక్ (తిరుగు చిరునామాలు, తాత్కాలిక విలువలు పేర్చుకునే చోటు) వాడకం అన్నీ కంపైలర్ స్వయంగా రాసిపెడుతుంది కాబట్టి మనం వాటి గురించి ఆలోచించనవసరం లేదు. ఈ ఒక్క వరుస మాత్రం మనిషి చేత్తో రాసిన అసెంబ్లీ కోడ్‌ది, అక్కడ కంపైలర్ లేదు. ఆ కోడ్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, అది మామూలు ఫంక్షనా కాదా, అక్కడ స్టాక్ ఏ స్థితిలో ఉంది అన్న నాలుగు సంగతులనూ రాసినవారే గుర్తులు పెట్టి చెప్పాలి. చెప్పకపోయినా కర్నల్ నడుస్తుంది. నడుస్తున్న కర్నల్ ఎక్కడో ఆగిపోయిన రోజున, ఎందుకు ఆగిందో వెనక్కి నడిచి చూద్దామంటే మాత్రం దారి దొరకదు.

నల్లగొండలో, రామగిరిలోని మా ఇంటి మేడ మీద, ఆదివారాలు కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు కర్నల్ సోర్సు చదవడానికి కూర్చుంటారు. నకిరేకల్ నుంచి, దేవరకొండ నుంచి బస్సులో వచ్చేవారు కూడా ఉన్నారు. సీ భాషలో ఉన్న భాగాలను వాళ్ళు త్వరగానే అందుకుంటారు కానీ, ‘.ఎస్’ అన్న పొడిగింపుతో ముగిసే ఫైలు తెరవగానే అందరికీ ఒకే చోట అడ్డం పడుతుంది. అసలు సూచనలకంటే ముందు, వెనుక, మధ్యలో ఉన్న పెద్దక్షరాల మాక్రోలు (ఒక పేరు రాస్తే కొన్ని వరుసలుగా విచ్చుకునేవి) ఎందుకున్నాయో తెలియదు. దేవరకొండ నుంచి వచ్చే అమ్మాయి ఒకసారి సూటిగా అడిగింది: “సార్, ఫంక్షన్ పేరు రాసినం కదా, అది ఎక్కడ అయిపోయిందో అసెంబ్లరుకు తెల్వదా?” తెలియదు. అసెంబ్లరుకు ఫంక్షన్ అన్న ఊహే లేదు. దానికి తెలిసింది లేబుల్ ఒక్కటే, లేబుల్ అంటే ఒక చిరునామాకు పెట్టిన పేరు మాత్రమే. ‘రెట్’ సూచన వచ్చింది కాబట్టి ఫంక్షన్ అయిపోయిందని అనుకోవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే ఒకే ఫంక్షన్‌లో మూడు చోట్ల ‘రెట్’ ఉండవచ్చు, అసలు ‘రెట్’ లేకుండా వేరే చోటికి దూకి ముగిసే ఫంక్షన్లూ ఉన్నాయి.

అసెంబ్లరు తయారుచేసే ఆబ్జెక్టు ఫైలు రూపం పేరు ఎల్ఫ్. అందులో ప్రతి సింబలుకూ, అంటే ప్రతి పేరుకూ, ఒక రకం, ఒక పరిమాణం రాసుకునే గళ్ళు ఉంటాయి. అసెంబ్లీలో ‘.టైప్’, ‘.సైజ్’ అన్న ఆదేశాలు ఆ గళ్ళను నింపుతాయి. అవి రాయకపోతే రకం గడిలో ‘నోటైప్’ అని, పరిమాణం గడిలో సున్నా అని మిగిలిపోతాయి. ఇక్కడ ఒక సందేహం న్యాయంగా వస్తుంది: పరిమాణం సున్నా అయితే ఊప్స్ సందేశంలో ఏటవాలు గీత తరువాతి సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? కర్నల్ లోపల ఉండే కాల్‌సిమ్స్ అనే పేర్ల, చిరునామాల పట్టిక ఆ పరిమాణం గడిని అసలు చూడదు. ఒక పేరు చిరునామా నుంచి, దాని తరువాత వచ్చే మరో పేరు చిరునామా దాకా ఉన్నదంతా మొదటి పేరుదేనని లెక్క కడుతుంది. మా వైపు బత్తాయి తోటలకు హద్దురాళ్ళు పోయిన చోట, పక్క సర్వే నంబరు ఎక్కడ మొదలైతే అక్కడిదాకా ఇవతలివారి భూమి అనుకోవడం లాంటిదే ఇది. మధ్యలో ఎవరిదీ కాని బాట ఉన్నా అది కూడా ఇవతలివారి లెక్కలోకే పోతుంది. కాల్‌సిమ్స్ లెక్కలో కూడా రెండు ఫంక్షన్ల మధ్య సమరేఖ కోసం (తరువాతి చిరునామా నిర్ణీత గుణిజం దగ్గర పడేలా) నింపిన ఖాళీ సూచనలు, పేరు లేకుండా మిగిలిన తునకలు అన్నీ ముందున్న ఫంక్షన్ ఖాతాలో పడతాయి. ఊప్స్‌లో మీకు తెలిసిన ఫంక్షన్ పేరు, దాని అసలు పొడవును మించిన ఆఫ్‌సెట్ కనబడితే, అక్కడ ఎవరో ఒక పేరు పెట్టకుండా వదిలేశారని ముందుగా అనుమానించాలి.

దీనికి వ్యతిరేక దిశలో కూడా ఇబ్బంది ఉంది. ఒక ఫంక్షన్ మధ్యలో ఆవృత్తి కోసం ‘లూప్’ అని మామూలు లేబుల్ పెడితే, అది కూడా సింబల్ పట్టికలోకి ఎక్కి కూర్చుంటుంది. అక్కడి నుంచి కాల్‌సిమ్స్ దృష్టిలో కొత్త భూభాగం మొదలైనట్టే. బ్యాక్‌ట్రేస్‌లో, అంటే ఎవరు ఎవరిని పిలిచారో వెనక్కి చూపే జాబితాలో, మీ ఫంక్షన్ పేరు మాయమై ‘లూప్’ అన్న పేరు వస్తుంది, అది ఏ ఫైలులో ఏ ఫంక్షన్‌కు చెందినదో వెతుక్కోవలసిన పని చదివేవారి మీద పడుతుంది. అందుకే ఫంక్షన్ లోపలి గమ్యాలకు అంకెల లేబుళ్ళను, లేదా చుక్క-ఎల్‌తో మొదలయ్యే పేర్లను వాడతారు. ఆ రెండింటినీ అసెంబ్లరు పట్టికలోకి పంపదు.

పాత కర్నల్ సోర్సులో ఈ పనికి మూడు మాక్రోలు ఉండేవి. ‘ఎంట్రీ’ అన్నది పేరును బయటికి కనబడేలా చేసి, చిరునామాను సమరేఖకు తెచ్చి, లేబుల్ పెట్టేది. ‘ఎండ్’ అన్నది పరిమాణం మాత్రం నింపేది. ‘ఎండ్‌ప్రాక్’ అన్నది పరిమాణంతో పాటు ఇది ఫంక్షన్ అని రకం కూడా రాసేది. ఇందులో లోపం ఎక్కడుందంటే, మొదలుపెట్టే మాక్రో ఒక్కటే, ముగించేవి రెండు. మొదలు చూస్తే లోపలున్నది ఫంక్షనో, మామూలు కాలింగ్ పద్ధతి పాటించని కోడో, చివరికి ఉత్త డేటానో తెలిసేది కాదు. ఫంక్షన్‌కు ‘ఎండ్’ పెట్టినవారున్నారు, డేటాకు ‘ఎంట్రీ’ పెట్టినవారున్నారు, ఏ ముగింపూ పెట్టనివారూ ఉన్నారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, ఎందుకంటే ఏది పెట్టినా కోడ్ ఒకేలా నడిచేది, తప్పు పెట్టినందుకు ఏ పనిముట్టూ నిలదీసేది కాదు.

కర్నల్ డెవలపర్ జిరీ స్లాబీ 2017లోనే ఈ చిక్కును విడదీసే మాక్రోలను ప్రతిపాదించారు. అవి పలు విడతల చర్చ తరువాత, 2020 జనవరిలో వెలువడిన 5.5 కర్నల్‌లో చేరాయి. ఇప్పుడు మొదలు, చివర జంటగా ఉంటాయి, జంట పేరులోనే లోపలున్నది ఏమిటో ఉంటుంది. సీ భాష నుంచి పిలవదగిన మామూలు ఫంక్షన్‌కు ‘సిమ్ ఫంక్ స్టార్ట్’, ‘సిమ్ ఫంక్ ఎండ్’. మామూలు పద్ధతికి లొంగని కోడుకు ‘సిమ్ కోడ్ స్టార్ట్’, ‘సిమ్ కోడ్ ఎండ్’. డేటాకు ‘సిమ్ డేటా’ కుటుంబం. ఫైలు దాటి కనబడనక్కరలేని వాటికి ‘లోకల్’, వేరొకరు మార్చుకోవడానికి వీలుండే వాటికి ‘వీక్’ అన్న తోకలు ఉన్నాయి. ఒకే కోడుకు రెండు పేర్లుంటే, ‘మెమ్‌సీపీవై’కీ దాని ముందు రెండు అండర్‌స్కోర్లున్న రూపానికీ ఉన్నట్టు, మారుపేరు పెట్టే మాక్రో వేరే ఉంది. కోడు మధ్యలో బయటికి తెలియవలసిన చోటుంటే దానికి ‘సిమ్ ఇన్నర్ లేబుల్’. వీటిలో చాలావాటిని ఒకసారి చూస్తే సరిపోతుంది. నిలిచి ఆలోచించవలసింది ‘ఫంక్’, ‘కోడ్’ అన్న రెండింటి మధ్య తేడా దగ్గరే.

‘ఫంక్’ అని గుర్తు పెట్టడమంటే ఒక మాట ఇవ్వడం. ఈ కోడును ‘కాల్’ సూచనతో పిలుస్తారు, అది మొదలైనప్పుడు స్టాక్ కొసన తిరుగు చిరునామా ఉంటుంది, అది స్టాక్ మీద ఏం పెట్టినా తిరిగి వెళ్ళేలోపు తీసేస్తుంది, దాచవలసిన రిజిస్టర్లను యథాస్థితికి తెస్తుంది, మొదలైన చోటు నుంచి ముగిసే చోటుదాకా దాని కోడు దానిదే, పక్క ఫంక్షన్‌లోకి జారిపోదు. ‘కోడ్’ అని గుర్తు పెట్టడమంటే ఆ మాటల్లో ఏదీ ఇవ్వలేనని చెప్పడం. అంతరాయం వచ్చినప్పుడు ప్రాసెసర్ నేరుగా దూకే చోట్లు, సిస్టమ్ కాల్ ప్రవేశద్వారం, బూట్ సమయంలో ఇంకా స్టాక్ లేని తొలి సూచనలు ఈ కోవకు చెందుతాయి. వాటిని ఎవరూ ‘కాల్’ చేయరు, వాటి స్టాక్ మీద తిరుగు చిరునామా ఉండదు. ఎల్ఫ్ పట్టికలో మొదటి దానికి ‘ఫంక్’ రకం పడుతుంది, రెండోది పరిమాణం కలిగి ఉండి ‘నోటైప్’గానే మిగులుతుంది.

ఈ మాటను ఎవరు సరిచూస్తారన్నదే అసలు ప్రశ్న. నా అభిప్రాయంలో గుర్తుల చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. డీబగ్గర్లు స్టాక్ మీద వెనక్కి నడవడానికి డ్వార్ఫ్ అనే సమాచార రూపం ఎప్పటి నుంచో ఉంది. సీ కోడుకు దానిని కంపైలర్ ఇస్తుంది. అసెంబ్లీ కోడులో అయితే ప్రతి ‘పుష్’ తరువాత, ప్రతి ‘పాప్’ తరువాత స్టాక్ ఎన్ని బైట్లు జరిగిందో, ఏ రిజిస్టరు ఎక్కడ దాచారో ‘సీఎఫ్ఐ’ ఆదేశాలతో చేత్తో రాయాలి. 2006లో 2.6.18 కర్నల్‌లో డ్వార్ఫ్ ఆధారంగా వెనక్కి నడిచే అన్‌వైండర్‌ను చేర్చారు. దాని తప్పుల వల్ల, అసలు దోషాన్ని చూపవలసిన సమయంలో అదే కొత్త చిక్కులు తెచ్చిపెట్టడంతో, లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అదే ఏడాది డిసెంబరులో దానిని తీసేశారు. అన్‌వైండర్ పోయినా చేతిరాత ‘సీఎఫ్ఐ’ గుర్తులు అసెంబ్లీ ఫైళ్ళలో ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. కోడు మారేది, పక్కనున్న గుర్తు మారేది కాదు. మారలేదని ఎవరికీ తెలిసేది కాదు, ఎందుకంటే గుర్తు తప్పయినా కోడు సరిగ్గానే నడుస్తుంది. ప్రవేశద్వారపు ఫైళ్ళలో చదవవలసిన సూచనలకంటే ఈ గుర్తులే దట్టంగా పెరిగిపోయాయి. చివరకు 2015లో 4.2 కర్నల్ కోసం కర్నల్ డెవలపర్ ఇంగో మోల్నార్ ఎక్స్86 అసెంబ్లీ నుంచి వాటిని మొత్తంగా తొలగించారు.

ఆ తొలగింపు సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. దాని వల్ల నష్టం లేదని కాదు. క్యూఎమూ అనే వర్చువల్ యంత్రంలో కర్నల్‌ను నడుపుతూ జీడీబీ అనే డీబగ్గర్‌తో అసెంబ్లీ ఫంక్షన్ మధ్యలో ఆపి బ్యాక్‌ట్రేస్ అడిగితే, ఆ చోటుకు డ్వార్ఫ్ సమాచారం లేదు కాబట్టి అది సూచనలను చూసి ఊహించుకోవాలి, ఆ ఊహ కొన్నిసార్లు దారి తప్పుతుంది. ఆ నష్టం నిజమే. కానీ తప్పుడు సమాచారం ఉన్న చోట డీబగ్గర్ తడబడదు, ధీమాగా అబద్ధం చెబుతుంది. సమాచారం లేదని తెలిసినవారు స్టాక్‌ను తామే చదువుకుంటారు, తప్పుడు సమాచారాన్ని నమ్మినవారు సంబంధం లేని ఫంక్షన్ చుట్టూ పూటలు గడుపుతారు. వీడీఎస్ఓ (కర్నల్ ప్రతి ప్రోగ్రాముకూ అందించే చిన్న లైబ్రరీ) కోడులో మాత్రం ‘సీఎఫ్ఐ’ గుర్తులను ఉంచారు, అదీ సబబే. ఆ కోడు వినియోగదారుని ప్రోగ్రాము చిరునామాల్లో నడుస్తుంది, దానిని వెనక్కి నడిచేవి యూజర్ స్పేస్ పనిముట్లు, వాటికి అర్థమయ్యేది డ్వార్ఫే.

2016లో 4.6 కర్నల్‌తో జాష్ పాయింబోఫ్ రాసిన ఆబ్జ్‌టూల్ వచ్చింది. అది కంపైల్ అయిన ఆబ్జెక్టు ఫైలును తెరిచి, ప్రతి ఫంక్షన్‌లోని ప్రతి సూచననూ, ప్రతి శాఖ వెంటా నడిచి చూస్తుంది. ‘పుష్’ కనబడితే స్టాక్ ఎనిమిది బైట్లు దిగిందని తానే లెక్క వేసుకుంటుంది. మనిషి చేత రాయించుకోవలసిన అవసరం అక్కడే పోయింది. రెండు దారులు ఒకే సూచన దగ్గర కలిసినప్పుడు ఇరువైపుల లెక్కా సరిపోకపోతే, ‘రెట్’ దగ్గర స్టాక్ మొదటి స్థితికి రాకపోతే, కోడు పక్క ఫంక్షన్‌లోకి జారిపోతే, ఏ దారిలోనూ చేరలేని సూచన మిగిలిపోతే, కర్నల్ నిర్మాణ సమయంలోనే హెచ్చరిక ఇస్తుంది. అయితే ఈ నడక మొదలుపెట్టడానికి దానికి ఫంక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియాలి. సీ కోడులో కంపైలర్ ఆ హద్దులు ఇస్తుంది, అసెంబ్లీలో ‘సిమ్ ఫంక్’ జంట ఇస్తుంది. డీబగ్గింగ్ కోసం పెట్టే గుర్తుకూ, దానిని సరిచూసే యంత్రానికీ మధ్య ఒప్పందం ఇక్కడ కుదిరింది. మనిషి చెప్పవలసింది తగ్గింది, చెప్పినది తప్పయితే ఎక్కువ సందర్భాల్లో అప్పటికప్పుడే బయటపడుతుంది.

ఆబ్జ్‌టూల్ వేసిన ఆ లెక్కలనే పట్టికగా రాసిపెట్టుకుంటే వెనక్కి నడవడానికి వేరే ఏమీ అక్కర లేదు. 2017 నవంబరులో వచ్చిన 4.14 కర్నల్‌లోని ఆర్క్ అన్‌వైండర్ చేసేది అదే. ప్రతి చిరునామా పరిధికీ, ముందరి ఫ్రేమును కనుక్కోవడానికి ఏ రిజిస్టరుకు ఎంత కలపాలో ఒక చిన్న నమోదు ఉంటుంది. అంతకుముందు ఎక్స్86 మీద నమ్మకమైన బ్యాక్‌ట్రేస్ కావాలంటే ప్రతి ఫంక్షన్‌లోనూ ఫ్రేమ్ పాయింటర్‌ను నిలపాలి. దానివల్ల కర్నల్ కోడు దాదాపు 3.2 శాతం పెరుగుతుందని, మెల్ గోర్మన్ కొలతల ప్రకారం కొన్ని పనుల్లో వేగం 5 నుంచి 10 శాతం దాకా తగ్గుతుందని కర్నల్ పత్రాలు చెబుతాయి. ఆర్క్ పట్టికలు డ్వార్ఫ్ పట్టికలకంటే మెమరీని దాదాపు సగం ఎక్కువ తీసుకుంటాయి, మామూలు ఎక్స్86 అమరికలో అది 1.3 మెగాబైట్ల అదనం. నడుస్తున్న కోడు వేగం తగ్గకుండా బ్యాక్‌ట్రేస్ నమ్మదగినదిగా ఉండటానికి ఆ ధర చాలా చౌక అని నా లెక్క.

ఆబ్జ్‌టూల్ లెక్కకు అందని చోట్లు ‘కోడ్’ గుర్తు ఉన్నవే. అక్కడ ‘అన్‌వైండ్ హింట్’ అనే మరో రకం గుర్తులు పెట్టాలి. వీటిని అర్థం చేసుకోవడానికి సిస్టమ్ కాల్ ప్రవేశద్వారాన్ని సూచన వెంట సూచనగా చదవడాన్ని మించిన దారి లేదని నా అనుభవం. యూజర్ ప్రోగ్రాము ‘సిస్‌కాల్’ అన్న సూచన నడిపినప్పుడు ప్రాసెసర్ తిరుగు చిరునామాను ఆర్‌సీఎక్స్ రిజిస్టర్లో, ఫ్లాగులను ఆర్11లో దాస్తుంది. స్టాక్‌ను మాత్రం మార్చదు. అంటే కర్నల్ మొదటి సూచన నడిచే క్షణాన స్టాక్ పాయింటర్ ఇంకా వినియోగదారుని స్టాక్ మీదే ఉంటుంది. దానిని కర్నల్ నమ్మకూడదు, తాకకూడదు. కాబట్టి ప్రవేశద్వారం మొదట ఉండే హింట్, ఇక్కడి నుంచి వెనక్కి నడవడానికి ఏమీ లేదని చెబుతుంది. తరువాత ‘స్వాప్‌జీఎస్’ వల్ల ఆ ప్రాసెసర్‌కు చెందిన సొంత డేటా అందుబాటులోకి వస్తుంది, వినియోగదారుని స్టాక్ పాయింటర్‌ను అక్కడ దాచి, అవసరమైతే పేజీ పట్టికలు మార్చి, కర్నల్ స్టాక్‌ను ఎక్కించుకుంటారు. అప్పుడు వరుసగా స్టాక్ సెగ్మెంటు, దాచిన స్టాక్ పాయింటర్, ఫ్లాగులు, కోడ్ సెగ్మెంటు, తిరుగు చిరునామా అన్న ఐదు విలువలను నెడతారు. అంతరాయం వచ్చినప్పుడు హార్డ్‌వేరే స్వయంగా నెట్టే ఐదు విలువల రూపం ఇదే. ఇక్కడ దానిని సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అది పూర్తయిన చోట పెట్టిన లోపలి లేబులే ఊప్స్ అడుగున మనం చూసే ‘ఆఫ్టర్ హెచ్‌డబ్ల్యూఫ్రేమ్’ అన్న పేరు.

ఆ లేబుల్ దాటాక మిగిలిన రిజిస్టర్లన్నీ స్టాక్ మీదికి ఎక్కుతాయి. మొత్తం 21 విలువలు, 168 బైట్లు, సీ భాష వైపు ‘పీటీరెగ్స్’ అనే నిర్మాణంగా కనబడేది ఇదే. ఆ నెట్టే మాక్రోలోనే ‘అన్‌వైండ్ హింట్ రెగ్స్’ ఉంటుంది: ఇప్పుడు స్టాక్ కొసన పూర్తి పీటీరెగ్స్ ఉంది, తిరుగు చిరునామా కోసం వెతకవద్దు, ఆ నిర్మాణం లోపలి నుంచే రిజిస్టర్లను తీసుకో అని దాని భావం. ఆ తరువాతే సీ ఫంక్షన్‌ను పిలుస్తారు. ఆ సీ ఫంక్షన్ లోతుల్లో ఎక్కడ దోషం జరిగినా, అన్‌వైండర్ మెట్టు మెట్టుగా వెనక్కి వచ్చి, ఈ హింట్ దగ్గర పీటీరెగ్స్‌ను చూసి, అందులోని కోడ్ సెగ్మెంటు వినియోగదారునిదని గుర్తించి, ప్రయాణం ఇక్కడితో సక్రమంగా ముగిసిందని నిర్ణయిస్తుంది. ఊప్స్‌లో ఆ వరుస కింద ‘ఆర్‌ఐపీ: 0033’ అని మొదలయ్యే రిజిస్టర్ల జాబితా ఆ పీటీరెగ్స్ నుంచి వచ్చినదే. ఈ హింట్లు నడిచే కర్నల్‌లో ఒక్క సూచనను కూడా పెంచవు. అవి ఆబ్జెక్టు ఫైలులో వేరే విభాగంలో ఉండి, ఆబ్జ్‌టూల్ చదివాక లింకు సమయంలో పారవేయబడతాయి.

లోపలి లేబుళ్ళు పనిముట్ల కోసమే అనుకోకూడదు. ఇదే ప్రవేశద్వారంలో కర్నల్ స్టాక్ ఎక్కిన చోట ‘సేఫ్ స్టాక్’ అని మరో లేబుల్ ఉంది. మెమరీని ఎన్‌క్రిప్ట్ చేసి నడిపే ఏఎండీ వర్చువల్ యంత్రాల్లో ఒక ప్రత్యేక ఎక్సెప్షన్ (నడుస్తున్న కోడును ఆపి ప్రాసెసర్ కర్నల్‌ను పిలిచే సంఘటన) వచ్చినప్పుడు, ఆగిన చిరునామా ప్రవేశద్వారం మొదటికీ ఈ లేబుల్‌కూ మధ్య ఉందా అని కర్నల్ పరీక్షిస్తుంది. ఉంటే అప్పటి స్టాక్ వినియోగదారునిదే కాబట్టి దానిని నమ్మదు. ఆ లేబుల్‌ను అందం కోసం రెండు సూచనల కిందికి జరిపినవారు ఒక రక్షణను సడలించినట్టే.

మేడ మీద విద్యార్థుల చేత నేను చేయించే అభ్యాసం ఒకటుంది. చిన్న కర్నల్ మాడ్యూల్, అందులో ఒక అసెంబ్లీ ఫంక్షన్. అది ఆర్‌బీఎక్స్ రిజిస్టర్‌ను నెట్టి, సున్నా చిరునామా నుంచి చదవబోయి పడిపోతుంది. ఇది క్యూఎమూ లోపలే నడపాలి. ‘సిమ్ ఫంక్’ జంటతో రాసినప్పుడు ఊప్స్ శుభ్రంగా వస్తుంది: ఫంక్షన్ పేరు, దానిని పిలిచిన మాడ్యూల్ ఆరంభ ఫంక్షన్, ఆపైన మాడ్యూల్‌ను ఎక్కించిన కర్నల్ ఫంక్షన్లు, అడుగున మనకు తెలిసిన ప్రవేశద్వారం. పిలిచినవారి పేర్ల ముందు ప్రశ్నార్థకం ఉండదు. తరువాత ఒక్క అక్షరం కోడు మార్చకుండా ‘ఫంక్’ తీసి ‘కోడ్’ పెట్టిస్తాను. మాడ్యూల్ మునుపటిలాగే తయారవుతుంది, స్టాక్ గురించి హెచ్చరిక ఏదీ రాదు. పడిపోయినప్పుడు మాత్రం పిలిచినవారి పేర్ల ముందు ప్రశ్నార్థకాలు వచ్చి చేరతాయి. ఆ చిరునామాకు పనికొచ్చే ఆర్క్ నమోదు లేదు కాబట్టి అన్‌వైండర్ చేతులెత్తేసింది. స్టాక్ మీద కోడు చిరునామాలా కనబడిన ప్రతి విలువనూ, ఇది కావచ్చు అంటూ కర్నల్ వరుసగా అచ్చు వేసింది. వాటిలో నిజమైన పిలుపులూ ఉంటాయి, ఎప్పుడో ముగిసిన పిలుపుల శేషాలూ ఉంటాయి. మూడోసారి మళ్ళీ ‘ఫంక్’ పెట్టి, ‘పాప్’ సూచన తీసేయిస్తాను. ఈసారి మాడ్యూల్ నిర్మాణంలోనే, ‘రెట్’ దగ్గర స్టాక్ మారిపోయి ఉందన్న హెచ్చరిక వస్తుంది. ఈ మూడు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థికి మాక్రోల పేర్లు ఇక విడిగా కంఠస్థం చేయనక్కర లేదు.

రెండో ఫలితంలో స్టాక్ గురించి హెచ్చరిక రాకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఆబ్జ్‌టూల్ హెచ్చరిక ఇచ్చినప్పుడు దానిని పోగొట్టడానికి అన్నిటికంటే సులువైన మార్గం ‘ఫంక్’ను ‘కోడ్’గా మార్చడం. ఇంకా సులువైనది, మేక్‌ఫైల్‌లో (నిర్మాణానికి సూచనలు ఉండే ఫైలులో) ఆ ఫైలు ప్రామాణికం కాదని ఒక వరుస రాసి, ఆబ్జ్‌టూల్‌ను ఆ దరిదాపులకే రానివ్వకపోవడం. రెండింటికీ న్యాయమైన సందర్భాలు ఉన్నాయి. కానీ సీ నుంచి పిలిచే మామూలు ఫంక్షన్‌కు అలా చేయడమంటే, నిర్మాణ సమయంలో ఒక వరుస హెచ్చరికను తప్పించుకుని, దాని బదులు ఎప్పుడో ఎవరి సర్వర్లోనో పడే ఊప్స్‌ను చదవలేనిదిగా చేయడం. ప్యాచ్ సమీక్షించేటప్పుడు ఈ మార్పు కనబడితే, ఈ కోడు స్టాక్ విషయంలో ఏ నియమాన్ని పాటించలేకపోతోందో ఒక వాక్యంలో చెప్పమని నేను అడుగుతాను. ఆ వాక్యం దొరకకపోతే ‘ఫంక్’ వైపే నిలబడి, హెచ్చరికకు అసలు కారణాన్ని వెతకాలి.

చుక్క-ఎల్ పేర్ల విషయంలో ఒక మెలిక చెప్పాలి. ఫంక్షన్ లోపలి గమ్యాలకు అవి మంచివని పైన రాశాను. అదే అలవాటుతో, ఫైలు లోపల మాత్రమే వాడే పూర్తి ఫంక్షన్‌కు కూడా చుక్క-ఎల్ పేరు పెట్టి ‘సిమ్ ఫంక్ స్టార్ట్ లోకల్’ రాయడం తప్పు. ఆ పేరు సింబల్ పట్టికలోకే చేరదు, పట్టికలో లేని ఫంక్షన్‌ను ఆబ్జ్‌టూల్ చూడలేదు, దానికి ఆర్క్ నమోదులు తయారుకాకపోవచ్చు. బయటికి కనబడకపోవడం వేరు, పట్టికలోనే లేకపోవడం వేరు. కర్నల్ పత్రాల్లో అసెంబ్లీ గుర్తుల అధ్యాయం ఈ సంగతిని ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది.

ఈ గుర్తుల మీద ఆధారపడేది మనిషి కన్ను ఒక్కటే అయితే ఇంత పట్టుదల అవసరం ఉండకపోవచ్చు. నడుస్తున్న కర్నల్‌ను ఆపకుండా ఫంక్షన్లను మార్చే లైవ్‌ప్యాచ్, ఒక్కొక్క టాస్క్ స్టాక్‌ను వెనక్కి నడిచి, మార్చబోయే ఫంక్షన్ ఆ స్టాక్ మీద లేదని నిశ్చయించుకున్నాకే ఆ టాస్క్‌ను కొత్త కోడుకు మళ్ళిస్తుంది. 4.12 కర్నల్ నుంచి ఈ పద్ధతి ఉంది. స్టాక్ మీద గుర్తులు లేని కోడు ఉంటే నడకను నమ్మలేక అది వేచి ఉంటుంది, గుర్తు తప్పయితే స్టాక్ మీద ఉన్నదాన్ని లేదని నమ్మి తప్పుడు సమయంలో మళ్ళించే ప్రమాదం ఉంది.

మొదలు ఎక్కడో ఖచ్చితంగా తెలియడం వల్ల, డీబగ్గింగ్‌తో సంబంధం లేని మేలు కూడా తరువాత కలిగింది. ఆర్మ్64 మీద పరోక్ష పిలుపులు నిర్ణీత చోట్లకే దూకాలన్న రక్షణ వచ్చినప్పుడు, ప్రతి ఫంక్షన్ మొదట ‘బీటీఐ సీ’ అన్న సూచన ఉండవలసి వచ్చింది. 2020లో 5.8 కర్నల్‌లో ‘సిమ్ ఫంక్ స్టార్ట్’ మాక్రోను ఒక్కచోట మార్చడంతో ఆర్మ్64లోని అసెంబ్లీ ఫంక్షన్లకు ఆ సూచన చేరిపోయింది. మొదలుకు, రకానికి వేర్వేరు పేర్లు లేని పాత ‘ఎంట్రీ’ కాలంలో అయితే, డేటా పట్టికల మొదట కూడా ఆ సూచన పడి ఉండేది. సీ వైపు నుంచి ఫంక్షన్ పాయింటర్ల రకాన్ని సరిచూసే రక్షణ కోసం ‘సిమ్ టైప్డ్ ఫంక్ స్టార్ట్’ అన్న మరో రూపం కూడా ఆ తరువాత వచ్చింది.

మీ యంత్రంలో కర్నల్‌ను నిర్మించుకుని ఉంటే, ఎల్ఫ్ ఫైళ్ళను చదివి చూపే ‘రీడ్ఎల్ఫ్’ను చిన్న ఎస్ ఐచ్ఛికంతో వీఎంలైనక్స్ (నిర్మాణం చివర తయారయ్యే కర్నల్ ఫైలు) మీద నడిపి, ‘నోటైప్’ అన్న వరుసలను విడిగా తీసి చూడండి. వాటిలో లింకరు పెట్టిన విభాగాల హద్దులు చాలా ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. మిగిలినవాటిలో పరిమాణం ఉన్నవి ‘కోడ్’ గుర్తు పెట్టినవి, వాటి సోర్సు తెరిచి హింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చదవండి. కోడు విభాగంలో ఉండి, పరిమాణం సున్నాగా ఉన్న పేర్లలో కొన్ని లోపలి లేబుళ్ళు. అవి కూడా కానివి ఏవైనా మిగిలితే, ఆ ఫైలులో గుర్తు పెట్టవలసిన పని ఇంకా ఉంది. మొదటి ప్యాచ్ కోసం వెతుకుతున్న విద్యార్థులకు నేను చూపేది ఆ చివరి జాబితానే.